వద్దన్న చోట ఆగడం

రోడ్డు ఉన్నంత మేరా వెళ్ళవచ్చు, టికెట్టు కొన్నాక అన్నీ చూడవచ్చు అని మనమందరం అనుకుంటాం. జాతీయ ఉద్యానవనం అన్న పేరులోనే అది జాతి అందరిదీ అన్న అర్థం ఉంది కదా, మరి అందులో కొందరు ‘ఇక్కడికి రావద్దు’ అనడం ఏమిటి? పైగా మనం నమ్మని నమ్మకమొకటి దానికి కారణంగా చూపిస్తే, మనం ఎందుకు మన్నించాలి? ప్రియ పాఠకులారా, ఈ వారం ఈ ప్రశ్నను మీ ముందు ఉంచుతున్నాను. ఇది తత్వశాస్త్ర గ్రంథంలోంచి తీసినది కాదు. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న కకాడు జాతీయ ఉద్యానవనంలో, 2023 జూలైలో, మా మేనల్లుడు కారు నడుపుతూ నన్ను అడిగినది.

మా చెల్లెలి కొడుకు డార్విన్ నగరంలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. వానలు లేని నెలల్లో రమ్మని రెండేళ్ళుగా పిలుస్తుంటే, విచారణ పనులు చూసుకోవడానికి ఒక యువ గురువు దొరికాక వెళ్ళాను. డార్విన్ నుంచి స్టూవర్ట్ హైవే మీద కొంత దూరం దక్షిణంగా పోయి, ఎడమకు తిరిగి ఆర్న్‌హెమ్ హైవే పట్టుకోవాలి. ఉద్యానవనం మధ్యన ఉన్న జబిరు అనే చిన్న ఊరు దాదాపు 250 కిలోమీటర్లు. మనవైపు అయితే అంత దూరంలో ఎన్ని ఊళ్ళు, ఎన్ని టీకొట్లు, ఎన్ని స్పీడు బ్రేకర్లు! అక్కడ ఏ రెండు మూడు చోట్లనో పెట్రోలు బంకు, దాన్ని అంటిపెట్టుకుని చిన్న హోటలు. అంతే. మిగిలినదంతా జామాయిల్ జాతి చెట్లు, వాటి మధ్య మనిషికి రెండింతల ఎత్తున చెదపుట్టలు. ‘కెథీడ్రల్ పుట్టలు’ అని వాటికి పేరట. మా విచారణ దేవాలయానికి గోపురం లేపడానికి పదకొండేళ్ళు పట్టింది. చెదపురుగులు చందాలు అడగకుండానే కట్టేసుకున్నాయి.

కకాడు విస్తీర్ణం దాదాపు 20,000 చదరపు కిలోమీటర్లు. పాత కృష్ణా, పాత పశ్చిమ గోదావరి జిల్లాలు రెండూ కలిపినా అంత ఉండవు. పోటుకు ఉప్పునీరు ఎక్కే నదులు, కలువలూ తామరలూ నిండిన చిత్తడి నేలలు, వాటి వెనక అడవి, అడవి వెనక రాతిగోడలా నిలిచిన కొండ అంచు. మనం ఏడాదిని ఆరు ఋతువులు చేసినట్టే అక్కడి ఆదివాసులూ ఆరు కాలాలు చేశారు. మేము వెళ్ళినది వుర్‌గెంగ్ అనే చలికాలం. చలి అంటే మన సంక్రాంతి ఉదయాలపాటిది.

రోడ్డు పక్కన గడ్డి తగలబడుతుంటే నేను కంగారుపడి, ‘ఒరేయ్, ఫైరింజనుకు ఫోను చెయ్యరా’ అన్నాను. వాడు నవ్వి, ‘అది వాళ్ళు పెట్టిందే మామయ్యా’ అన్నాడు. వానలు ఆగాక, గడ్డి పూర్తిగా ఎండిపోకముందే అక్కడక్కడ చిన్న మంటలు పెట్టి కాల్చేస్తారు. ఎండలు ముదిరాక పెద్ద మంట లేచినా దానికి మేత దొరకదు. వేల ఏళ్ళ నాటి ఆ పద్ధతిలోనే ఉద్యానవనం సిబ్బంది ఇప్పుడు పనిచేస్తున్నారు. ఆ ప్రాంతపు మజెద్‌బెబె అనే రాతి చూరు కింద తవ్వి చూసినవారు, మనుషులు అక్కడ 65 వేల ఏళ్ళ నాడే ఉన్నారని 2017లో ప్రకటించారు. మనిషి చెయ్యి పడని అడవి అని మనం ముచ్చటపడేది తరతరాలుగా ఎవరో చూసుకుంటూ వచ్చిన ఇల్లన్నమాట. ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. ఖాళీ జాగా అనుకుంటే ఎవరినీ అడగనక్కరలేదు. ఇల్లయితే గుమ్మం దగ్గర ఆగి పిలవాలి.

ఆ ఇంటివారు ఉత్తరాన తమను బినింజ్ అనీ, దక్షిణాన ముంగుయ్ అనీ పిలుచుకుంటారు. 1976లో ఆస్ట్రేలియా పార్లమెంటు ఆ ఉత్తర ప్రాంతానికి ఆదివాసి భూమి హక్కుల చట్టం చేసింది. 1979లో ఉద్యానవనం మొదటి భాగం ఏర్పడినప్పుడు వాళ్ళు తమ నేలను ప్రభుత్వానికి లీజుకిచ్చారు. 2022లో మరింత భూమి వాళ్ళ పేరిట తిరిగి వచ్చింది. ఉద్యానవనాన్ని నడిపే బోర్డులో ఎక్కువమంది వాళ్ళే. వినడానికి ఎంతో బాగుంది. కాని ఆ 1976 చట్టంలో ఒక మెలిక ఉంది. తమ నేల మీద గని వద్దనే హక్కు ఆదివాసులకు ఇస్తూనే, జబిరు పక్కనున్న రేంజర్ యురేనియం గని విషయంలో మాత్రం ఆ హక్కు చెల్లదని అందులోనే రాశారు. ఆ నేల మిరార్ వంశం వారిది. వాళ్ళు వద్దన్నారు. 1980ల ఆరంభంలో ఉత్పత్తి మొదలైంది, 2021 జనవరి దాకా సాగింది.

నేను విచారణ గురువును గనుక నాకు తెలిసిన ఉదాహరణే చెబుతాను. పెళ్ళి చీటీలు చదవకముందే నేను పెళ్ళికూతురిని విడిగా కూర్చోబెట్టి, ‘అమ్మా, నీకిది ఇష్టమేనా?’ అని అడుగుతాను. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి ఉంటే ఆమెను కాసేపు పక్కకు వెళ్ళమంటాను. పెద్దలు నొచ్చుకుంటారు. ‘మా పిల్ల మా మాట జవదాటదు ఫాదర్’ అంటారు. అందుకే అడుగుతున్నాను. జవదాటడానికి వీలే లేని పిల్ల తల ఊపితే అది సమ్మతి అని నేను ఎలా రాసుకోను? కాదనగల మనిషి అవునంటేనే ఆ అవునుకు విలువ. భూమి విషయమూ అంతే. ‘ఇది నీదే’ అని పట్టా చేతికిచ్చి, ‘వద్దనడానికి మాత్రం వీల్లేదు’ అంటే ఇచ్చినదేమిటి? పట్టా కాగితం ఒక్కటే.

మొదటి సాయంత్రం ఉబీర్ అనే చోటికి వెళ్ళాం. రాతి చూరుల కింద ఎర్రమట్టి రంగులో చేపలు, తాబేళ్ళు, వేటగాళ్ళు. చేప లోపలి ఎముకలు కూడా కనిపించేలా వేసిన బొమ్మలు. ఒకచోట ఎత్తున థైలసీన్ బొమ్మ ఉంది. తోడేలును పోలి, వీపు మీద చారలుండే ఆ జంతువు ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో అంతరించి వేల ఏళ్ళయింది. మబూయు అనే వేటగాడి బొమ్మ పక్కన కథ రాసి ఉంది. అతను పట్టిన చేపల తాడు కోసి దొంగిలించినవాళ్ళు గుహలో పడుకుంటే, అతను గుహ మూతికి బండ అడ్డం పెట్టేశాడట. దొంగతనం చేయకూడదని పిల్లలకు చెప్పే కథ. ఇలా బోర్డుల మీద మనకు చెప్పేవి మొదటి మెట్టు కథలే. వాటి లోపలి అర్థాలు ఎవరికి, ఏ వయసులో, ఎవరు చెప్పాలో వాళ్ళకు కట్టుబాట్లున్నాయి. మనకు చెప్పినంత మేరకు చెప్పారు. పాతకాలపు ఇంట్లో చుట్టాన్ని వసారాలో కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తారు, భోజనానికి నట్టింట్లోకి పిలుస్తారు. అంతమాత్రాన చుట్టం లేచి వంటింటి అటకలు వెతకడు. ఉబీర్ పైకెక్కితే నదబ్ మైదానం కనుచూపు మేరా పచ్చగా పరుచుకుని ఉంటుంది. సూర్యాస్తమయం చూడడానికి బండల మీద జనం కూర్చుని ఉన్నారు. అంతమంది ఉన్నా నిశ్శబ్దంగా ఉంది. మనవాళ్ళు ఒక కుటుంబం కూడా కనిపించారు. పులిహోర డబ్బా చూసి గుర్తుపట్టాను.

దగ్గరలోనే కాహిల్స్ క్రాసింగ్. ఈస్ట్ అలిగేటర్ నదిలో నీళ్ళకు అడ్డంగా వేసిన కాంక్రీటు దారి అది. పోటు వస్తే దాని మీదుగా నీళ్ళు పారతాయి, ఆ నీళ్ళలో చేపల కోసం ఉప్పునీటి మొసళ్ళు వరుసగా కాచుకుని ఉంటాయి. దాటితే ఆర్న్‌హెమ్ ల్యాండ్. అటు వెళ్ళాలంటే ఆదివాసుల భూమి సంస్థ ఇచ్చే అనుమతి పత్రం కావాలి. మా దగ్గర లేదు. నీరు తక్కువగా ఉంది, దాటడం అయిదు నిమిషాల పని. ‘అడిగేవాడెవడూ లేడు’ అని పక్క బండివాడు ఎవరితోనో అంటున్నాడు. నిజమే, అడిగేవాడెవడూ లేడు. మేం వెనక్కి తిరిగాం.

మేనల్లుడు నన్ను నిలదీసింది మర్నాడు దక్షిణపు దారిలో, గున్‌లోమ్ దగ్గర. పెద్ద రోడ్డు విడిచి మట్టిదారిన 37 కిలోమీటర్లు లోపలికి పోతే ఎత్తయిన జలపాతం, దాని పైన కొండ అంచున నీటి కొలనులు. 1986లో వచ్చిన ‘క్రొకడైల్ డండీ’ సినిమాలో కనిపించి ఆ చోటు లోకమంతటికీ తెలిసింది. కొలనులో నిలబడి లోయవైపు చూస్తూ ఫోటో దిగడం యాత్రికులకు పెద్ద సరదా. అయితే ఆ ప్రాంతం జావొయిన్ ప్రజలది. 2019లో ఉద్యానవనం యంత్రాంగం పైకి వెళ్ళే కాలిబాటను, చట్టప్రకారం తీసుకోవలసిన అనుమతి లేకుండా, వాళ్ళ పవిత్ర స్థలానికి దగ్గరగా కట్టించింది. జావొయిన్ పెద్దలు జలపాతాన్ని మూయించారు. పవిత్ర స్థలాలను కాపాడే ప్రాంతీయ సంస్థ కేసు పెట్టింది. కేంద్ర ప్రభుత్వపు సంస్థ మీద ప్రాంతీయ చట్టం చెల్లదన్న వాదన ఒక కోర్టులో నెగ్గింది కూడా. చివరికి 2024లో ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే అక్కడి అత్యున్నత న్యాయస్థానం, చెల్లుతుందని తీర్పు చెప్పింది. అదే ఏడాది రెండు లక్షల డాలర్ల జరిమానా పడింది. మేం వెళ్ళేనాటికి తీర్పు రాలేదు, గున్‌లోమ్ మాత్రం మూసే ఉంది.

‘మీరొస్తే ఆ కొలను చూపిద్దామనుకున్నాను మామయ్యా’ అన్నాడు వాడు. ఆ తర్వాత, ‘మీరు బూలాను నమ్ముతారా?’ అన్నాడు. బూలా జావొయిన్ ప్రజల సృష్టికర్త పురుషుడు. ఆ కొండల్లో భూమిలోకి వెళ్ళి అక్కడే ఉన్నాడని, కదిలిస్తే రోగాలూ భూకంపాలూ వస్తాయని వాళ్ళు నమ్ముతారు. ఆ ప్రాంతానికి ‘రోగాల నేల’ అనే పేరు.

‘నమ్మనురా’ అన్నాను.

‘మరి నమ్మని దానికి మనం ఆగడమెందుకు? మీకైతే టికెట్టు కూడా కొన్నాం.’ (అక్కడ నివాసముండేవారికి ప్రవేశం ఉచితం. బయటివాణ్ణి గనుక నాకే రుసుము.)

వాడి ప్రశ్న న్యాయమైనదే. మా గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పిన పెద్ద గురువులు, తప్పుకు హక్కులు లేవనే పాత సూత్రాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నారో నాకు గుర్తుంది. ఆ సూత్రం ప్రకారం బూలా నిజం కాకపోతే బూలా గేటుకు విలువ లేదు. కాని 1965లో రెండవ వాటికన్ మహాసభ మతస్వేచ్ఛ మీద ప్రకటన చేసినప్పుడు ప్రశ్ననే మార్చింది. హక్కులు సిద్ధాంతాలకు ఉండవు, మనుషులకు ఉంటాయి. సిద్ధాంతం తప్పయినంత మాత్రాన మనిషి గౌరవం ఎగిరిపోదు. మన దేవాలయంలోకి విశ్వాసి కానివాడొకడు వస్తాడు. సత్ప్రసాదంలో క్రీస్తు ఉన్నాడని అతను నమ్మడు, నమ్మమని మనం బలవంతపెట్టం. అయినా అతను మందసం తలుపు తీసి లోపల ఏముందో చూస్తానంటే ఊరుకుంటామా?

‘అది ఇచ్చిపుచ్చుకోవడం కదా మామయ్యా. మన మందసం జోలికి వాళ్ళు రారు, వాళ్ళ కొలను జోలికి మనం వెళ్ళం. బేరం!’

బేరమే అయితే బలవంతుడు దాన్ని ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. జావొయిన్ ప్రజలు కొన్ని వందలమంది. మన మందసాలకు వాళ్ళవల్ల వచ్చే ప్రమాదం ఏనాడూ లేదు. బేరం తూకంలో వేస్తే వాళ్ళ వైపు తట్ట ఖాళీ. వాళ్ళ మాట మన్నించవలసింది తిరిగి వాళ్ళు మనకేదో ఇస్తారని కాదు. ఒక చోటును బతుకంతా కాపాడుతూ వచ్చిన మనిషిని, నీ కాపలా ఉత్తదేనని తోసేసి నడవడం ఆ మనిషికి చేసే అపకారం. అతను కాపాడేది నిజమా కాదా అని నేను మనసులో ఏమైనా తేల్చుకోవచ్చు. నా కాలు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి అది చాలదు.

ఈ వాదన 1991లో ఆ దేశపు మంత్రివర్గంలోనే జరిగింది. గున్‌లోమ్‌కు ఎంతో దూరంలేని గురాట్బా అనే కొండను తెల్లవారు కొరొనేషన్ హిల్ అంటారు. అందులో బంగారం, ప్లాటినం, పల్లేడియం ఉన్నాయి. తవ్వవద్దని జావొయిన్ పెద్దలు బూలా పేరు చెప్పి వేడుకున్నారు. మంత్రుల్లో కొందరు నవ్వారు. అప్పటి ప్రధాని బాబ్ హాక్ ఒక ప్రొటెస్టెంటు బోధకుడి కుమారుడు, తాను మాత్రం దేవుడి సంగతి తేల్చుకోలేనన్న మనిషి. ఆయన వాళ్ళ మీద మండిపడ్డారు. కన్యకు పుట్టిన బిడ్డ, ముగ్గురిలో ఒక్క దేవుడు, ఇలాంటి మర్మాలను ఏ ఇబ్బందీ లేకుండా ఒప్పుకునేవాళ్ళు ఈ నల్లవారి మర్మాన్ని ఎగతాళి చేయడం కపటం కాదా అన్నది ఆయన కోపం సారాంశం. గని ఆగింది. ఆ ఏడాది చివర ఆయన పదవి పోయింది. పార్టీలో తన బలం తగ్గడానికి ఆ నిర్ణయమూ ఒక కారణమని ఆయనే తర్వాత చెప్పారు. త్రిత్వాన్నీ బూలానూ ఒక్క గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. ఆ మాటకు వస్తే హాక్‌తో చర్చకు కూర్చోవడానికి నేను సిద్ధమే. కాని ఎగతాళి గురించి ఆయన అన్నదానికి నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడ చాలామంది చదువుకున్నవారు ఒక తెలివైన సమాధానం చెబుతారు, నాకది నచ్చదు. ‘రోగాల నేల’ అన్న ప్రాంతంలోనే యురేనియం ఉంది, 1950లలోనూ 60లలోనూ అక్కడ చిన్న చిన్న యురేనియం గనులు నడిచాయి. చూశారా, ఆదివాసులకు ముందే తెలుసు, వాళ్ళ నమ్మకం వెనక సైన్సు ఉంది, అందుకే గౌరవించాలి అంటారు. ఇది గౌరవంలా వినిపిస్తుంది గాని కాదు. అలా అన్నవాడు తలవంచేది యురేనియానికి, బూలాకు కాదు, జావొయిన్ పెద్దకూ కాదు. రేపు ఇంకో కొండలో యురేనియం లేదని తేలితే అక్కడ కాలిబాట వేయవచ్చునన్నమాట! ఉపవాసం ఒంటికి మంచిదని డాక్టర్లు చెప్పారు గనుక తపస్సుకాలం గొప్పదని ఎవరైనా మనల్ని మెచ్చుకుంటే మనం ఎంత సంతోషిస్తామో ఆ పెద్దలూ అంతే సంతోషిస్తారు.

అయితే ‘పవిత్రం’ అన్న మాట చెప్పి ఏ తలుపైనా మూసుకోవచ్చునా? లేదు. మూసిన తలుపుల వెనక బలహీనులకు జరిగిన అన్యాయాన్ని పవిత్రత పేరు చెప్పి దాచిపెట్టిన చరిత్ర శ్రీసభకు ఉంది, ఈ పత్రికలో ఆ మాట రాయడానికి నాకు సంకోచం లేదు. తలుపు వెనక ఎవరైనా ఏడుస్తుంటే ఆ తలుపు తెరవవలసిందే, దాని మీద ఏ గుర్తు ఉన్నా సరే. గున్‌లోమ్ తలుపు వెనక ఎవరూ ఏడవడం లేదు. అది మూయడంవల్ల నాకు కలిగిన నష్టం ఒక ఫోటో. ఆ ఫోటో నాకు రావలసిన బాకీలా నేనెందుకు భావిస్తున్నాను?

పునీత తోమాసు అక్వినాసు గారు ‘సుమ్మ తియొలోజియె’లో దీన్ని పట్టించుకున్నారు. తెలుసుకోవాలనే కోరికలో రెండు రకాలున్నాయంటారు ఆయన. లతీనులో ఆయన వాడిన మాటలకు తెలుగు పాఠ్యపుస్తకాల్లో పెద్ద పెద్ద సంస్కృత పదాలున్నాయి. ఇంట్లో వాడే మాటల్లో చెప్పాలంటే ఒకటి ఆసక్తి, రెండోది ఆబ. ఆసక్తిని ఆయన మితవర్తనం అనే సుగుణం కింద చేర్చారు, అంటే తిండిలో మితం ఎలాంటిదో తెలుసుకోవడంలో మితమూ అలాంటిదే. ఆబకు వస్తువుతో పనిలేదు, చూడలేదన్న బాధే దాని బాధ. ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. అదే ఆస్ట్రేలియా నడిమి ఎడారిలో ఉలూరు అనే పెద్ద ఎర్రబండ ఉంది. ఎక్కవద్దని అక్కడి ఆదివాసులు ఎన్నో ఏళ్ళుగా బోర్డు పెట్టి కోరుతూ వచ్చారు. 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడం నిషేధమని ప్రకటించగానే, ఆఖరి రోజుల్లో ఎక్కడానికి జనం బారులు తీరారు. అంతకుముందు చాలా ఏళ్ళుగా ఎక్కేవారి సంఖ్య తగ్గుతూ వచ్చింది. బండ మారలేదు, దాని అందమూ పెరగలేదు. గడువు పెరిగింది ఆబకు.

మా వాడు ఇదంతా విని, ‘సరే, వాళ్ళు మూసుకున్నవే చెబుతున్నారు. తెరిచినవాళ్ళు లేరా?’ అన్నాడు. ఉన్నారు. పైగా మూసినవాళ్ళూ తెరిచినవాళ్ళూ ఒక్కరే. ఆ ఉదయమే మేము బురుంగుయ్ అనే కొండ కింద మెరుపుల దేవుడు నమర్‌గోన్ బొమ్మ చూశాం. అక్కడికి కూతవేటు దూరంలో కూంగారా అనే చోట భూమిలో ఎంతో యురేనియం ఉంది. ఆ నేలకు వారసుడైన జెఫ్రీ లీ అన్న ఆదివాసి ఒప్పుకుని ఉంటే కోటీశ్వరుడయ్యేవాడు. ఫ్రెంచి కంపెనీకి వద్దన్నాడు. ఆ భూమిని ఉద్యానవనంలో కలపమని ప్రభుత్వాన్ని అడిగాడు. 2011లో కూంగారా ప్రపంచ వారసత్వ ప్రాంతంలో చేరింది, 2013లో ఉద్యానవనంలో కలిసింది. ఆయన ఆ ఉద్యానవనంలోనే రేంజరుగా పనిచేశాడు. జబిలూకాలో మిరార్ పెద్ద ఇవోన్ మార్గరూలా కథ ఇంకా విచిత్రం. రెండో యురేనియం గనిని అడ్డుకుంటూ, తన తండ్రి తాతల నేల మీదనే అక్రమంగా ప్రవేశించిందన్న నేరానికి 1998లో ఆమెను అరెస్టు చేశారు. 2024 జూలైలో ఆ గని లీజును పొడిగించబోమని ప్రభుత్వం ప్రకటించింది. ఈ మిరార్ వారూ, జెఫ్రీ లీ వంటివారూ మనకు తలుపు తెరిచినందువల్లే ఏటా లక్షలాదిమంది ఆ బొమ్మలనూ ఆ నీళ్ళనూ చూసి వస్తున్నారు. వద్దనడానికి బలం వచ్చినకొద్దీ వాళ్ళు రమ్మనడం తగ్గించలేదు.

అందరిలోకీ ఎక్కువ తెరిచినవారు బిగ్ బిల్ నేజీ. ఉబీర్ ప్రాంతపు బునిజ్ వంశానికి పెద్ద ఆయన. ఉద్యానవనం పేరు ఏ భాషలోంచి వచ్చిందో ఆ గాగుజు భాష మాట్లాడేవారిలో ఆఖరివారు. నేల సంగతులు తనతోనే పోతాయన్న దిగులుతో, బయటివారికి చెప్పే ఆచారం లేని విషయాల్లో కొన్నిటిని చెప్పడానికి ఆయన ఒప్పుకున్నారు. 1985లో ‘కకాడు మ్యాన్’ అనే పుస్తకం వచ్చింది. తన వాళ్ళ నియమం మీరినట్టయిందా, నిలబెట్టినట్టయిందా అన్నది ఆయనకు తేలిక ప్రశ్న అయి ఉండదు. బలవంతపెట్టిన వాళ్ళెవరూ లేరు. ఇవ్వాలనిపించి ఇచ్చారు, ఎంతవరకో ఆయనే నిర్ణయించుకున్నారు. 2002లో కన్నుమూశారు. ఆ పుస్తకం నా బల్ల మీద ఉంది, ఇప్పటికి రెండుసార్లు చదివాను. మేనల్లుడు ఫోను చేసినప్పుడల్లా అందులో ఏముందని అడుగుతాడు, చెబుతాను. ఆయన చెప్పకుండా వదిలేసినవి ఎన్నో మాత్రం ఆ పుస్తకం చూసి చెప్పలేం.